తేనెటీగ చిత్రం: కటకం ఎంపిక, చిత్రణలో మెలకువలు

సూక్ష్మదర్శినిలో చూసి గీసిన జీవుల బొమ్మలలో మొట్టమొదట అచ్చుకెక్కిన వాటిలో తేనెటీగ ఒకటి. 1625లో రోము నగరంలో ఫ్రాంచెస్కో స్టెల్లూటి అనే విద్వాంసుడు ‘మెలిస్సోగ్రాఫియా’ పేరుతో ఒక పెద్ద చిత్రపటాన్ని వెలువరించాడు. అందులో మూడు తేనెటీగలు ఉన్నాయి. ఒకటి వీపు వైపు నుంచి, ఒకటి పొట్ట వైపు నుంచి, ఒకటి పక్క నుంచి కనిపిస్తాయి. మూడు తేనెటీగలు నాటి పోపు ఎనిమిదవ అర్బన్ వంశచిహ్నం కూడా. అయినా ఆ అమరికలో శాస్త్రాభ్యాసికి పనికివచ్చే పాఠం ఒకటి ఉంది. ఎంత పెద్దది చేసి చూసినా ఒక్క కోణం నుంచి ఏ ప్రాణీ పూర్తిగా తెలియదు.

నేడు కెమెరా లేని ఇల్లు లేదు. పెరటి మొక్కల మధ్య తేనెటీగను చిత్రించాలన్న ఉత్సాహం పెద్దలకూ పిల్లలకూ కలగడం సహజం. అప్పుడు మొదట వచ్చే ప్రశ్న “ఏ లెన్సు కొనాలి?” అన్నది. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు మూడున్నాయి. ఈగ ఎంత దగ్గరకు రానిస్తుంది? దాని శరీరంలో ఎంత మందం స్పష్టంగా కనిపించాలి? అందుకు కావలసిన వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మూడింటికీ సమాధానం దొరికితే ఏ లెన్సు కావాలో దానంతట అదే తేలుతుంది.

పెరటికి వచ్చే అతిథులు

ప్రపంచంలో ఇంతవరకు 20,000కు పైగా తేనెటీగ జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించి పేర్లు పెట్టారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్థానికంగా ఉన్న జాతులు సుమారు 4,000. వీటిలో అత్యధికం పట్టు పెట్టవు, తేనె కూడబెట్టవు. నేలలోనో, ఎండుకాడలలోనో, పుచ్చిన కర్రలోనో ఒంటరిగా గూడు కట్టుకుంటాయి. ‘తేనెటీగ’ అనగానే పిల్లలకు స్ఫురించే పట్టుతేనె ఈగ ఈ దేశపు ప్రాణి కాదు. 1622లో ఐరోపా వలసదారులతో పాటు ఓడలో వర్జీనియాకు చేరింది. ఒక విధంగా అది కూడా ప్రవాసియే.

పరిమాణంలో ఇవి ఎంతో భిన్నమైనవి. పట్టుతేనె ఈగలలో కూలి ఈగ పొడవు 12 నుంచి 15 మిల్లీమీటర్లు. నైరుతి రాష్ట్రాల ఎడారులలో ఉండే ఒక చిన్న జాతి 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. తూర్పు రాష్ట్రాలలో ఇళ్ల చెక్క అరుగులకు, కంచెలకు రంధ్రాలు చేసే ‘కార్పెంటర్ బీ’ 20 మిల్లీమీటర్లు దాటుతుంది. తెలుగువారు తుమ్మెద అని పిలిచే నల్లని పెద్ద ఈగకు ఇది దగ్గరి బంధువు.

తెలుగు కుటుంబాల పెరళ్లలో మరొక అతిథి ముఖ్యమైనది. గుమ్మడి పాదు ఉన్నచోటికి వచ్చే ‘స్క్వాష్ బీ’ అది. ఈ ఆడ ఈగ తన సంతానానికి గుమ్మడి జాతి పుప్పొడిని మాత్రమే సేకరిస్తుంది. సూర్యోదయ వేళకే, తరచు పట్టుతేనె ఈగలు బయలుదేరక ముందే, పువ్వులోకి దిగుతుంది. గుమ్మడి పుప్పొడి రేణువులు పెద్దవి, జిగురువి. గాలికి ఎగిరి ఆడపువ్వును చేరలేవు. పాదుకు కట్టిన పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయంటే పరాగ సంపర్కం చాలకపోవడం ఒక ప్రధాన కారణం. ఉదయపు పువ్వులో ఎవరు వచ్చి వెళుతున్నారో తెలిపే చిత్రం ఆ ఇంటి కాపుకు సంబంధించిన సమాచారం కూడా.

ఆవర్ధనం అంటే ఏమిటి?

కెమెరాలో కాంతిని గ్రహించే ఫలకాన్ని సెన్సర్ అంటారు. దాని మీద పడిన ప్రతిబింబం పొడవును అసలు వస్తువు పొడవుతో భాగిస్తే వచ్చే సంఖ్యే ఆవర్ధనం. 14 మిల్లీమీటర్ల ఈగ సెన్సర్ మీద కూడా 14 మిల్లీమీటర్లుగా పడితే ఆవర్ధనం ఒకటి. మాక్రో లెన్సుల మీద కనిపించే ‘1:1’ అన్న గుర్తుకు అర్థం ఇదే. 7 మిల్లీమీటర్లుగా పడితే ఆవర్ధనం సగం.

36 మి.మీ. వెడల్పున్న పెద్ద సెన్సర్ మీద 14 మి.మీ. ప్రతిబింబం వెడల్పులో ఐదింట రెండు వంతులను ఆక్రమిస్తుంది. సుమారు 24 మి.మీ. వెడల్పున్న చిన్న సెన్సర్ మీద అదే ప్రతిబింబం సగానికి పైగా నింపుతుంది. కాబట్టి పట్టుతేనె ఈగకైనా తుమ్మెదకైనా 1:1 చాలు. పువ్వుతో పాటు ఈగను చూపాలంటే సగం కూడా సరిపోతుంది. ఒకటికి మించిన ఆవర్ధనం చిన్న జాతులకు, లేదా కన్ను, రెక్క నరాలు వంటి అవయవాలకు మాత్రమే అవసరం. 1999లో కెనాన్ సంస్థ ఒకటి నుంచి ఐదు రెట్ల వరకు ఆవర్ధనం ఇచ్చే 65 మి.మీ. లెన్సును విడుదల చేసింది. అటువంటిది నిపుణుల సాధనం. దానితో అభ్యాసం మొదలుపెట్టిన వారికి కనిపించేది చాలావరకు మసకే.

నాభ్యంతరం నిర్ణయించేది దూరాన్ని

మాక్రో లెన్సులు సాధారణంగా మూడు తరగతులుగా దొరుకుతాయి: 50–60 మి.మీ., 90–105 మి.మీ., 150–180 మి.మీ. నాభ్యంతరం కలవి. ఈ మూడింటిలోనూ 1:1 ఆవర్ధనం ఇచ్చేవి ఉన్నాయి. తేడా అంతా ఈగకూ లెన్సు ముందుభాగానికీ మధ్య మిగిలే ఖాళీలో ఉంది. 1:1 వద్ద 60 మి.మీ. లెన్సుకు ఈ ఖాళీ 5 నుంచి 10 సెంటీమీటర్లు. 100 మి.మీ. లెన్సుకు సుమారు 14 సెంటీమీటర్లు. 180 మి.మీ. లెన్సుకు సుమారు 24 సెంటీమీటర్లు.

ఇక్కడ కొనుగోలుదారు గమనించవలసిన విషయం ఒకటుంది. లెన్సు వివరాలలో ‘కనిష్ఠ ఫోకస్ దూరం 30 సెంటీమీటర్లు’ అని రాసి ఉంటుంది. ఆ దూరాన్ని సెన్సర్ నుంచి కొలుస్తారు గాని లెన్సు అంచు నుంచి కాదు. అందులో సగానికి పైగా కెమెరా, లెన్సుల పొడవుకే పోతుంది. అంగడిలో ఒక నాణేన్ని బల్ల మీద పెట్టి 1:1 వద్ద చూస్తే నిజమైన ఖాళీ ఎంతో తెలిసిపోతుంది.

పొట్టి లెన్సు నీడ పువ్వు మీద పడుతుంది. ఈగ బెదురుతుంది. పొడుగు లెన్సు బరువు, ఖరీదు ఎక్కువ. చేతి వణుకు కూడా ఎక్కువగా తెలుస్తుంది. అయితే దాని దృక్కోణం సన్నం కాబట్టి ఈగ వెనుక నేపథ్యం సద్దు లేకుండా ఉంటుంది. ఈ లాభనష్టాలను బేరీజు వేస్తే మొదటిసారి కొనేవారికి 90–105 మి.మీ. తరగతి అనువైనది. ఇటువంటి లెన్సు పాతది, చేతితో ఫోకస్ చేసేదైనా నష్టం లేదు. ఇంత దగ్గరలో ఆటోఫోకస్ ఎలాగూ తడబడుతుంది.

స్పష్టతా పరిధి, వివర్తనం

పొడుగు లెన్సుతో స్పష్టంగా కనిపించే మందం తగ్గుతుందని చాలామంది నమ్మకం. సమీప చిత్రణలో అది నిజం కాదు. ఆవర్ధనం, కాంతి ద్వారం ఒకటే అయితే 60 మి.మీ. లెన్సుకూ 180 మి.మీ. లెన్సుకూ స్పష్టతా పరిధి దాదాపు ఒకటే. నాభ్యంతరం మారిస్తే దూరం, నేపథ్యం మారతాయి గాని ఈగ శరీరంలో స్పష్టంగా వచ్చే మందం మారదు.

ఆ మందం ఎంత? సెన్సర్ మీద 0.03 మి.మీ. వరకు మసకను కన్ను సహిస్తుందనుకుందాం. ఎఫ్/11 ద్వారం వద్ద సగం ఆవర్ధనానికి స్పష్టతా పరిధి సుమారు 4 మిల్లీమీటర్లు. 1:1 వద్ద అది 1.3 మిల్లీమీటర్లకు పడిపోతుంది. రెండు రెట్ల ఆవర్ధనం వద్ద అర మిల్లీమీటరు మాత్రమే. పట్టుతేనె ఈగ తల వెడల్పే సుమారు 4 మిల్లీమీటర్లు. అంటే 1:1 వద్ద ఎదురుగా తీసిన చిత్రంలో కళ్లు స్పష్టంగా ఉంటే మీసాల కొనలు మసకగానే ఉంటాయి.

ద్వారాన్ని ఇంకా చిన్నది చేస్తే సరిపోదా? ఇక్కడ కాంతి స్వభావమే అడ్డు వస్తుంది. చిన్న రంధ్రం గుండా వెళ్లిన కాంతి తరంగాలు చుట్టూ వ్యాపిస్తాయి. దీనినే వివర్తనం అంటారు. ప్రతి బిందువూ ఒక చిన్న బిళ్లలా పడుతుంది. సమీప చిత్రణలో ద్వారం ఫలితం కూడా మారుతుంది. లెన్సు మీది ఎఫ్ సంఖ్యను, ఆవర్ధనానికి ఒకటి కలిపి గుణిస్తే అసలు ఎఫ్ సంఖ్య వస్తుంది. 1:1 వద్ద ఎఫ్/11 నిజానికి ఎఫ్/22 లాగా పనిచేస్తుంది. అందుకే సెన్సర్‌కు చేరే వెలుతురు నాలుగోవంతు అవుతుంది. ఆకుపచ్చ కాంతికి అప్పుడు వివర్తన బిళ్ల వ్యాసం దాదాపు 0.03 మి.మీ., అంటే సహించగల మసక అంతే. లెన్సును ఎఫ్/22కు తిప్పితే అది దాదాపు 0.06 మి.మీ. అవుతుంది. లోతు పెరిగినట్లు కనిపించినా చిత్రమంతా మెత్తబడి, రోమాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి 1:1 వద్ద ఎఫ్/8, ఎఫ్/11ల మధ్య ఆగడం మేలు.

తక్కువ ఖర్చుతో మూడు మార్గాలు

మాక్రో లెన్సు లేనివారు నిరుత్సాహపడనవసరం లేదు. మొదటి మార్గం ఎక్స్‌టెన్షన్ ట్యూబు. ఇది కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే ఖాళీ గొట్టం. ఇందులో గాజు లేదు. గొట్టం పొడవును లెన్సు నాభ్యంతరంతో భాగిస్తే లభించే ఆవర్ధనం తెలుస్తుంది. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. గొట్టం తగిలిస్తే సగం ఆవర్ధనం వస్తుంది.

రెండవది లెన్సు ముందు మరచుట్లతో బిగించే క్లోజప్ లెన్సు. దీని శక్తిని కళ్లద్దాల మాదిరిగానే డయాప్టర్లలో చెబుతారు. 1,000ని ఆ సంఖ్యతో భాగిస్తే నాభ్యంతరం మిల్లీమీటర్లలో వస్తుంది. 4 డయాప్టర్ల కటకం నాభ్యంతరం 250 మి.మీ. దానిని 200 మి.మీ. లెన్సు ముందు పెట్టి ఆ లెన్సును అనంత దూరానికి ఫోకస్ చేస్తే ఆవర్ధనం 0.8 అవుతుంది. ఈగకూ కటకానికీ మధ్య 25 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఖరీదైన 180 మి.మీ. మాక్రో లెన్సు ఇచ్చే సౌకర్యానికి ఇది ఏమీ తీసిపోదు. అయితే ఒకే గాజుతో చేసిన చవక కటకాలు వేర్వేరు రంగులను వేర్వేరు చోట్ల కేంద్రీకరిస్తాయి. రెక్కల అంచున ఊదారంగు గీత పడుతుంది. రెండు రకాల గాజులను జతచేసిన ‘అక్రోమాట్’ కటకం ఈ దోషాన్ని చాలావరకు సరిచేస్తుంది. సీసపు ఆక్సైడు వంటి భారమైన ఆక్సైడులను కలిపితే గాజు రంగులను విడదీసే తీరు మారుతుంది. ఆ గుణాన్నే ఇక్కడ ఒకదాని దోషానికి మరొకదానిని విరుగుడుగా వాడతారు.

మూడవది చేతిలోని ఫోను. చిన్న సెన్సర్ కావడం వల్ల దాని చిత్రంలో స్పష్టతా పరిధి ఎక్కువ. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దూరం వరకు ఫోకస్ చేయగలదు. కాని మెలకువగా ఉన్న ఏ ఈగా అంత దగ్గరకు రానివ్వదు. ఫోను నీడే దానిని లేపేస్తుంది. చురుకైన ఈగలకు టెలిఫోటో సదుపాయంతో కొంత దూరం నుంచి తీసి, తరువాత అంచులు కత్తిరించడం మంచిది. ఆ 2 సెంటీమీటర్ల సామర్థ్యం నిద్రపోయే ఈగలకు ఉపయోగిస్తుంది.

వెలుతురు

పట్టుతేనె ఈగ సెకనుకు సుమారు 230 సార్లు రెక్కలు ఆడిస్తుంది. ఆ లెక్కన రెక్క కొన సగటున సెకనుకు 7 మీటర్లు ప్రయాణిస్తుంది. షట్టరును సెకనులో వెయ్యోవంతుకు అమర్చినా ఆ వ్యవధిలో రెక్క 7 మిల్లీమీటర్లు కదిలిపోతుంది. ఎగిరే ఈగ రెక్కను నిలిపి చూపగలిగేది ఫ్లాష్ మాత్రమే. పదహారో వంతు శక్తితో వెలిగే సాధారణ ఫ్లాష్ మెరుపు సెకనులో సుమారు పదివేల వంతు కాలమే ఉంటుంది. అంతలో రెక్క కదిలేది 0.7 మిల్లీమీటరు. ఈగ చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ కొద్దిపాటి శక్తి చాలు.

మండుటెండలో మాత్రం ఈ ఉపాయం పూర్తిగా ఫలించదు. ఐఎస్ఓ 200, షట్టరు 1/200, ఎఫ్/11, ఆవర్ధనం 1:1 అనుకుంటే కావలసిన కాంతిలో సగం ఎండ నుంచే వస్తుంది. ఫ్లాష్ నిలిపిన రెక్క పక్కనే ఎండ గీసిన మసక రెక్క కూడా పడుతుంది. ఉదయపు నీడ, మబ్బు పట్టిన రోజు ఇందుకు అనువైనవి.

నేరుగా పడిన ఫ్లాష్ ఈగ నున్నటి వీపు మీద తెల్లని చుక్కగా మెరిసి వివరాలను చెరిపేస్తుంది. కాంతి వచ్చే ఉపరితలం ఈగతో పోలిస్తే పెద్దదిగా ఉండాలి. ఫ్లాష్ ముందు అరచేయంత ట్రేసింగ్ కాగితాన్ని వంచి అమర్చి, దానిని ఈగకు వీలైనంత దగ్గరగా ఉంచితే నీడలు మెత్తబడి రోమాలు విడివిడిగా కనిపిస్తాయి. గుమ్మడి పువ్వు లోపల పని ఇంకా సులువు. పసుపు రేకులు చుట్టూ కాంతిని పరావర్తనం చేస్తాయి. అయితే చిత్రం పసుపు వైపు మొగ్గుతుంది కాబట్టి రంగుల సమతౌల్యాన్ని తరువాత సరిచేయాలి.

వేళ, ఓర్పు

ఈగను వెంబడించడం వృథా. ఒక యాత్రలో తేనెటీగ సాధారణంగా ఒకే రకం పువ్వుల మీదే తిరుగుతుంది. ఈ సంగతిని అరిస్టాటిల్ నాడే గమనించాడు. కాబట్టి ఈగ ఉన్న పువ్వును విడిచి, అది రాబోయే పువ్వు దగ్గర ముందే ఫోకస్ అమర్చుకొని నిలబడాలి. ఆవర్ధనాన్ని మార్చకుండా శరీరాన్ని కొద్దిగా ముందుకూ వెనుకకూ ఊపుతూ, ఈగ కన్ను స్పష్టమైన క్షణాన మీట నొక్కాలి. ఎడమచేతి వేళ్లతో పూకాడను పట్టుకొని అదే చేతి మణికట్టు మీద లెన్సును ఆన్చితే గాలికి కాడ, లెన్సు కలిసి కదులుతాయి. సెన్సర్ తలం ఈగ పక్కభాగానికి సమాంతరంగా ఉంటే ఆ 1.3 మిల్లీమీటర్ల మందంలోనే కన్ను, రెక్క, కాలు మూడూ ఇముడుతాయి. లెన్సు మీద ఖర్చు చేసిన డబ్బుకన్నా ఈ ఒక్క అభ్యాసం ఎక్కువ ఫలితమిస్తుంది.

చల్లని వేకువ మరింత మంచి సమయం. ఒంటరి జాతులలో చాలా మగ ఈగలు రాత్రిపూట ఎండుకాడలను దవడలతో కరచిపట్టుకొని నిద్రిస్తాయి. గుమ్మడి పువ్వులు మధ్యాహ్నానికి ముడుచుకున్నాక స్క్వాష్ బీ మగ ఈగలు ఆ వాడిన పువ్వుల లోపలే పడుకుంటాయి. కదలని ఈగకు ఎఫ్/5.6 వద్ద అర మిల్లీమీటరు చొప్పున ముందుకు జరుపుతూ తొమ్మిది చిత్రాలు తీసి కంప్యూటరులో కలిపితే 4 మిల్లీమీటర్ల మందం అంతా స్పష్టంగా వస్తుంది. వివర్తన దోషం కూడా తక్కువ. కదలకుండా చేయడానికి ఈగను ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం తగని పని. వేకువ చలి ఆ సహాయం ఉచితంగా చేస్తూనే ఉంది.

పిల్లలకు మొదటి పాఠంగా కార్పెంటర్ బీ మగ ఈగ మంచిది. వసంతంలో తన హద్దు కాస్తూ గాలిలో ఒకేచోట నిలబడి ఉంటుంది. మనుషుల ముఖం ముందుకే వచ్చి బెదిరిస్తుంది. ముఖం మీద లేత పసుపు మచ్చతో దానిని గుర్తించవచ్చు. దానికి కొండి లేదు.

జాగ్రత్తలు

పువ్వు మీద పనిలో ఉన్న ఈగ అరుదుగా కుడుతుంది. గూటి ద్వారం ముందు నిలబడడం మాత్రం ప్రమాదకరం. పట్టుతేనె ఈగ కుట్టినప్పుడు వెలువడే హెచ్చరిక రసాయనాలలో ఐసోఎమైల్ ఎసిటేట్ ఒకటి. 1962లో శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించారు. అరటిపండు వాసనకు కారణమైన పదార్థమే ఇది. ఆ వాసన తోటి ఈగలను దాడికి పిలుస్తుంది. అందువల్ల ఒక్క ఈగ కుట్టినా చేతులు విదిలించకుండా వెంటనే అక్కడి నుంచి దూరంగా వెళ్లాలి, కొండిని గోటితో గీకి తీసేయాలి. ఈగ కాటుకు తీవ్రమైన ప్రతిచర్య ఉన్నవారు వైద్యులు సూచించిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షను దగ్గర లేకుండా ఈ పనికి పూనుకోరాదు.

చిత్రమే సాక్ష్యం

పూర్వం ఒక జాతి ఫలానా చోట ఉందని నిరూపించడానికి ఈగను చంపి సూదికి గుచ్చవలసి వచ్చేది. చిన్న జాతులకు నేటికీ ఆ అవసరం ఉంది. చాలా బంబుల్ బీలకు మాత్రం మంచి చిత్రం చాలు. ‘రస్టీ ప్యాచ్డ్ బంబుల్ బీ’ని అమెరికా ప్రభుత్వం 2017లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. ప్రధాన భూభాగపు రాష్ట్రాలలో ఆ రక్షణ పొందిన తొలి తేనెటీగ అదే. దాని కూలి ఈగల, మగ ఈగల ఉదరం రెండవ ఖండం మీద తుప్పురంగు మచ్చ ఉంటుంది. ఆ మచ్చ పై నుంచి తీసిన చిత్రంలోనే చక్కగా కనిపిస్తుంది. కళ్ల అందం కోసం ఎదురుగా తీసిన పది చిత్రాలు అక్కడ నిరుపయోగం.

అందువల్ల ప్రతి ఈగకూ కనీసం మూడు చిత్రాలు అవసరం: ముఖం, పక్క, వీపు. వీలైతే పుప్పొడి మోసే చోటును కూడా చూపాలి. బంబుల్ బీ వెనుక కాళ్ల మీది బుట్టలో మోస్తుంది. ఆకులు కత్తిరించే ఈగ పొట్ట అడుగున మోస్తుంది. చిత్రంతో పాటు తేదీ, ఊరు, పువ్వు పేరు రాసిపెట్టాలి. 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ వంటి ప్రజాసేకరణలకు పంపితే జాతిని గుర్తించడంలో తెలిసినవారు సహాయపడతారు. ఆ నమోదు పరిశోధకులకు కూడా అందుబాటులో ఉంటుంది.

ఒక వేసవిలో ఒక గుమ్మడి పాదు దగ్గర వారానికి రెండు ఉదయాలు, పావుగంట చొప్పున గడిపినా చాలు. ఎవరు వస్తున్నారు, ఏ వేళకు వస్తున్నారు, ఎవరు రావడం మానేశారు అన్నది ఆ పెరటికి సంబంధించినంతవరకు మరెవరూ రాయని చరిత్ర. పురుగుమందు డబ్బా చేతిలోకి తీసుకునే ముందు చూసుకోవడానికి ఆ చిత్రాలు ఇంట్లోనే ఉంటాయి.